ఆమె పేరున ఒక ఆసుపత్రి



మన ఊళ్లలో గుడికి వెళ్లినా, బడికి వెళ్లినా, కల్యాణమండపానికి వెళ్లినా తలెత్తి చూస్తే ఫ్యాను రెక్కల మీద ఎవరిదో పేరు కనిపిస్తుంది. ఫలానావారి జ్ఞాపకార్థం అని ఒక రెక్క మీద, దాత పేరు ఇంకో రెక్క మీద. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పేరు చదవలేం. చదవాలంటే ఉక్కపోత భరించాలి. సరదాకి అన్నాను గానీ, పోయినవారి పేరున నలుగురికి పనికొచ్చేది ఏదైనా చెయ్యాలన్న తపన మనకి ఒకరు నేర్పక్కర్లేదు. చలివేంద్రాలు, సత్రాలు, బస్టాండులో సిమెంటు బల్లలు, సంవత్సరీకం నాడు అనాథాశ్రమంలో భోజనాలు, అన్నీ అందులోవే. కానీ క్యాన్సర్‌తో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లు, ఆ పేరున క్యాన్సర్ రోగులకి ఏదైనా చెయ్యాలనుకుంటే ఈ అలవాటు ఒక్కటీ చాలదు. అక్కడ ఏం చెయ్యాలో పోయినవారి జబ్బే చెబుతుందని నా నమ్మకం. దాని మాట విని పని మొదలుపెట్టినవాళ్ల కథలు కొన్ని ఇవాళ చెబుతాను.

మొదటిది ఒక వజ్రం కథ.

జంషెడ్జీ టాటా పెద్దకొడుకు దొరాబ్జీ టాటా. 1898లో మెహర్‌బాయిని పెళ్లి చేసుకున్నారు. ఆమె తండ్రి హోర్ముస్జీ భాభా మైసూరు సంస్థానంలో విద్యాశాఖకి పెద్ద. మెహర్‌బాయి చీరకట్టుతోనే టెన్నిస్ పోటీలకి దిగి బహుమతులు పట్టుకొచ్చిన మనిషి. బాల్యవివాహాలకి అడ్డుకట్ట వేస్తూ 1929లో వచ్చిన శారదా చట్టం కోసం గట్టిగా మాట్లాడిన మనిషి. ఆమెకి భర్త కొనిచ్చిన వజ్రం పేరు జూబిలీ. 245 క్యారెట్లు. ఇప్పుడున్న కోహినూరు కంటే రెండింతలు దాటి ఉంటుంది. 1924లో జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో జీతాలిచ్చేందుకు డబ్బు లేని గడ్డు రోజులొచ్చాయి. దొరాబ్జీ తన సొంత ఆస్తినీ, దాంతోపాటు భార్య వజ్రాన్నీ ఇంపీరియల్ బ్యాంకులో కుదవపెట్టి కోటి రూపాయలు అప్పు తెచ్చారు. కంపెనీ గట్టెక్కింది, వజ్రం మళ్లీ ఇల్లు చేరింది.

1931 జూన్‌లో మెహర్‌బాయి వేల్స్ దేశంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో కన్నుమూశారు. జబ్బు ల్యుకేమియా, అంటే రక్తక్యాన్సర్. డబ్బుకి లోటు లేదు, డాక్టర్లకి లోటు లేదు, పడకకి లోటు లేదు. అప్పటికి ఆ జబ్బుని నయం చేసే మందే ప్రపంచంలో ఎక్కడా లేదు. వజ్రం ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టగలిగింది గానీ, దాని యజమానురాలికి ఒక సీసా మందు కొనివ్వలేకపోయింది.

దొరాబ్జీ ఆ లోటునే పట్టుకున్నారు. ఏడాది తిరక్కముందే, 1932 ఏప్రిల్‌లో, లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు పెట్టారు. దాని పని ల్యుకేమియా మీద పరిశోధనకి డబ్బివ్వడం. అందులోనూ ఒక విశేషం ఉంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఏ దేశంలో మంచి పరిశోధన జరిగితే ఆ దేశానికి వెళ్లాలని ఏర్పాటు చేశారు. భార్య పోయిన మనిషి, దేశాభిమానం నిండుగా ఉన్న మనిషి, బొంబాయిలో పెద్ద భవంతి కట్టి ఆమె విగ్రహం పెట్టుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆయన మాత్రం ముక్కూమొహం తెలియని పరాయిదేశపు శాస్త్రవేత్తలకి జీతాలిచ్చే పని పెట్టుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే.

మందు సంగతి కూడా చెప్పాలి. మెహర్‌బాయి పోయిన పదహారు, పదిహేడేళ్లకి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు పిల్లల్లో వచ్చే ల్యుకేమియాని కొన్నాళ్లపాటైనా మొదటిసారి వెనక్కి నెట్టగలిగారు. ఆయన వాడిన మందు అమైనోప్టెరిన్. దాన్ని తయారుచేసి ఇచ్చింది లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. సుబ్బారావుగారి వెనకా చావు బాధే ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని తీసుకుపోయింది. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ఆయన బృందమే తయారుచేసింది. అమైనోప్టెరిన్ పుట్టుక ఆ ఫోలిక్ యాసిడ్ పనిలోంచే.

మళ్లీ దొరాబ్జీ దగ్గరికి వద్దాం. పిల్లల్లేరు. మిగిలిన ఆస్తి మొత్తం, టైకి పెట్టుకునే ముత్యాల పిన్నుతో సహా, ఇంకో ట్రస్టుకి రాసేశారు. భార్య ఏడూడి నాటికి ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్‌లో ఆమె సమాధి దగ్గరుండాలని ప్రయాణమై, దారిలో జర్మనీలోనే 1932 జూన్ 3న పోయారు. ఆయన్ని తీసుకెళ్లి ఆమె పక్కనే ఉంచారు. తరవాత వజ్రాన్ని అమ్మారు. ఆ సొమ్ము ట్రస్టులో చేరింది. ఆ ట్రస్టే బొంబాయి పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి కట్టి 1941 ఫిబ్రవరి 28న తలుపులు తెరిచింది. అప్పటికి 80 పడకలు, ఏడాది బడ్జెట్టు 5 లక్షలు. 1957లో కేంద్ర ఆరోగ్యశాఖ తీసుకుంది. 1962లో అణుశక్తి శాఖ కిందికి వెళ్లింది. క్యాన్సర్ ఆసుపత్రికి అణుశక్తి శాఖతో ఏం పని అనిపించవచ్చు. రేడియేషన్ చికిత్స ఉంది కదా. అప్పుడు ఆ శాఖని నడుపుతున్నది హోమీ భాభా. మెహర్‌బాయికి సొంత సోదరుడి కొడుకు.

విశాఖపట్నం శివారు అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఆ టాటా మెమోరియల్ సంస్థకి చెందిందే. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చి అక్కడ వరసలో కూర్చున్న రోగికి ఈ మేనత్తా మేనల్లుళ్ల సంగతి తెలియకపోవచ్చు. తెలియాల్సిన అవసరమూ లేదు.

రెండో కథ మనందరికీ తెలిసిందే. నందమూరి తారక రామారావుగారు 1942లో మేనమామ కూతురు బసవతారకంగారిని పెళ్లాడారు. ఆవిడ 1985లో క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి రామారావుగారు ముఖ్యమంత్రి. ఆ రోజుల్లో హైదరాబాదులో క్యాన్సర్ అంటే రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి, ఎమ్‌ఎన్‌జె. స్థోమత ఉన్నవాళ్లు మద్రాసు అడయారుకో, బొంబాయికో, విదేశాలకో రైలో విమానమో ఎక్కేవాళ్లు. భాష రాని ఊళ్లో, వంట దొరకని లాడ్జీలో, తెలిసిన ముఖం లేని వార్డులో నెలలు గడిపినవాళ్ల ఇళ్లు ఆంధ్రదేశంలో ఎన్నో. అందుకే ఇక్కడ కావలసింది పరిశోధన ట్రస్టు కాదు, ఇంటికి దగ్గరగా ఒక పెద్ద ఆసుపత్రి. రామారావుగారి కుటుంబం పెట్టిన ఫౌండేషనూ, అమెరికాలో స్థిరపడిన తెలుగు డాక్టర్లూ చేతులు కలిపారు. బంజారా హిల్స్‌లో స్థలం వచ్చింది. అమెరికా తెలుగువాళ్ల చెయ్యి ఉంది కాబట్టే ఆసుపత్రి పేరులో బసవతారకం పక్కన ఇండో అమెరికన్ అనే మాట కూడా ఉంటుంది. 2000 జూన్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. రామారావుగారు 1996 జనవరిలోనే వెళ్లిపోయారు. ఇటు దొరాబ్జీ గానీ, అటు రామారావుగారు గానీ భార్య జ్ఞాపకం ఆసుపత్రిగా తలుపు తెరిచిన రోజు చూడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పనుంది.

హిందీ సినిమావాళ్లలో నర్గీస్‌గారు 1981 మే 3న క్యాన్సర్‌తో పోయాక భర్త సునీల్ దత్ ఆవిడ పేరున క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టారు. మహారాష్ట్రలో బార్షీ అనే ఊళ్లో క్యాన్సర్ ఆసుపత్రికి ఇప్పటికీ ఆవిడ పేరే. ఇందాక చెప్పిన అడయారు సంస్థ కథలో భార్యాభర్తలు లేరు గానీ బాధ అలాంటిదే. చెల్లెలు క్యాన్సర్‌తో పోవడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి, ఏళ్ల తరబడి పట్టుబట్టి 1954లో దాన్ని తెరిపించారు.

ఇవన్నీ పెద్ద పెద్ద ఆసుపత్రులు. చికిత్స జోలికే పోని కథ ఒకటి స్కాట్‌లాండ్‌లో ఉంది. మ్యాగీ కెస్విక్ జెంక్స్ అనే ఆవిడ తోటల గురించి రాసే రచయిత్రి. భర్త చార్లెస్ జెంక్స్ భవన నిర్మాణ కళ మీద విమర్శలు రాసే అమెరికన్. రొమ్ము క్యాన్సర్ తగ్గిందనుకున్న ఐదేళ్లకి, 1993లో, తిరగబెట్టింది. ఆసుపత్రిలో ఆ మాట చెప్పారు. రెండు మూడు నెలలు అన్నారు. బయట ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు, కాస్త వరండాలో కూర్చుంటారా అన్నారు. వరండాకి కిటికీ లేదు. అక్కడ మొగుడూపెళ్లాలిద్దరూ కూర్చున్నారు.

డాక్టరు చెడ్డవాడు కాడు. ఆయనకి తీరిక లేదు, ఆ భవనంలో వేరే చోటు లేదు. మన ఆసుపత్రుల్లో ఇది రోజూ జరిగేదే. రిపోర్టు చేతికొచ్చాక ఆ మనిషి వెళ్లి ఎక్కడ కూర్చుంటాడు? లిఫ్టు దగ్గర, మెట్ల మీద, క్యాంటీన్ ముందు. ఏడవాలంటే బాత్‌రూమ్‌లోకి వెళ్లాలి.

కొత్త కీమో పుణ్యమా అని మ్యాగీ ఇంకో ఏడాదిన్నర బతికారు. ఆ ఏడాదిన్నరలో ఆవిడ ఆలోచించింది ఆ వరండా గురించే. ఆసుపత్రి ఆవరణలోనే, ఆసుపత్రిలా కనిపించని చిన్న ఇల్లు ఉండాలి. అందులో కిటికీలుండాలి, తోట కనిపించాలి, మధ్యలో వంటింటి బల్ల ఉండాలి. వచ్చినవాళ్లు టీ పెట్టుకుని తాగాలి, అడగాలనిపిస్తే అడగాలి, లేకపోతే ఊరికే కూర్చోవాలి. రిసెప్షన్ బల్ల, టోకెన్ నంబరు, ఫారాలు ఉండకూడదు. 1995 జులైలో ఆవిడ పోయారు. ఎడిన్‌బరోలో ఆసుపత్రి ఆవరణలో ఉన్న పాత గుర్రపుశాలని బాగుచేసి 1996 నవంబరులో మొదటి మ్యాగీస్ సెంటర్ తెరిచారు. దాన్ని నడిపే భారం తీసుకున్నది మ్యాగీకి కీమో ఎక్కించిన నర్సు లారా లీ. చార్లెస్ తనకి తెలిసిన భవనశిల్పుల్ని అడిగారు. ఫ్రాంక్ గేరీ, జహా హదీద్ లాంటి మహామహులు ఈ చిన్న ఇళ్లకి నమూనాలు గీసిచ్చారు. ఇప్పుడు బ్రిటన్‌లోనే ఇరవైకి పైగా ఉన్నాయి. హాంకాంగ్, టోక్యో, బార్సిలోనాల్లోనూ ఉన్నాయి. చావుకి ముందు ఒక మనిషికి కూర్చునే చోటు దొరకలేదన్న చిన్న అవమానం లోంచి ఇన్ని ఇళ్లు పుట్టాయి.

ఇక్కడ ఒక మాట అనకుండా ముందుకు పోలేను. భార్యాభర్తల కథలు నేను చెప్పినవి నాలుగు. నాలుగింటిలోనూ పోయింది భార్య, ఆ పేరు నిలబెట్టింది భర్త. భర్తని తలుచుకునే భార్యలు తక్కువా? ఆస్తి ఎవరి పేరున ఉంది, చెక్కు మీద సంతకం ఎవరిది అన్న ప్రశ్న వేసుకుంటే జవాబు దొరుకుతుంది. మన ఇళ్లలో భర్త పోయిన ఆడమనిషి ఆయన పేరున ట్రస్టు పెడతానంటే, ముందు నీ సంగతి చూసుకో అమ్మా, మనవల చదువులున్నాయి కదా అంటారు పిల్లలు. పిల్లల మాటలో న్యాయం లేకపోలేదు. ముసలితనానికీ మందులకీ సరిపడా తీసి పక్కన పెట్టుకున్నాకే దానం. కానీ మిగిలిన దాని మీద నిర్ణయం ఆవిడదే. ఫ్యామిలీ పెన్షన్ వచ్చే టీచరమ్మ కూడా చెయ్యగలిగిన పనులు ఇందులో ఉన్నాయి.

ఎలాంటి పనులు? మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ సంగతి తీసుకోండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలపాటు పెడతారు. మిషను కింద పడుకునేది నిమిషాలే. కానీ రోజూ రావాలి. మధ్యలో మానేస్తే చికిత్స దెబ్బతింటుంది. పాడేరు ఘాటు దిగి రోజూ విశాఖ రాలేరు. చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు భరిస్తాయి, 2007 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ఆసుపత్రి బయట గది అద్దె, తోడు వచ్చినవాళ్ల భోజనం, తోడు వచ్చినందుకు పోయిన కూలి ఎవరు ఇస్తారు? వైద్యం ఉచితమైనా మూడో వారంలో మాయమైపోయే రోగులు ఇందుకే మాయమవుతారు. ఆసుపత్రి దగ్గర రెండు గదులు అద్దెకి తీసుకుని, ఒక గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు పెట్టి, కరెంటు కోసం వచ్చినవాళ్లకి ఇచ్చినా అది క్యాన్సర్ సేవే. ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు ఉంటారు. ఏ రోగి ఎందుకు మానేశాడో వాళ్లకి తెలిసినంతగా డాక్టర్లకి కూడా తెలియదు. ట్రస్టు పేరు ఆలోచించేముందు వెళ్లి వాళ్లతో ఒక పూట మాట్లాడండి. అప్పటికే ఎవరైనా ఆ పని చేస్తుంటే, కొత్త బోర్డు కట్టేకన్నా మీ డబ్బు వాళ్లకిచ్చి ఒక గదికి మీవారి పేరు పెట్టించుకోవడం మేలు.

ముందే పసిగట్టే పని ఇంకొకటి. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అంగిటికి క్యాన్సర్ వస్తుంది. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే మచ్చ కనిపిస్తుంది, పెద్ద మిషన్లు అక్కర్లేదు. టాటా మెమోరియల్ వాళ్లే ముంబై మురికివాడల్లో దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఏళ్లపాటు ఒక పరిశీలన చేశారు. పదో తరగతి చదివిన స్థానిక స్త్రీలకి శిక్షణ ఇచ్చి, గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ పూసి తెల్లమచ్చలు వస్తున్నాయేమో చూడమన్నారు. ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. వెనిగర్ అంటే మన వంటిళ్లలో పచ్చళ్లకీ నూడుల్స్‌కీ వాడే ద్రవమే. అయితే అక్కడ మచ్చ కనిపించిన ప్రతి మనిషినీ వెంట తీసుకెళ్లి ముక్క పరీక్ష చేయించారు, వైద్యం చేయించారు. ఆదివారం ఒక టెంటు వేసి, వందమందిని చూసి, మచ్చ ఉన్నవాళ్ల చేతిలో చీటీ పెట్టి సాయంత్రానికి టెంటు పీకేసే శిబిరం వల్ల భయం తప్ప ఏమీ మిగలదు. అవగాహన నడకలు, టీషర్టులు, బెలూన్ల మీద కూడా నాకు పెద్ద గురి లేదు. ఆ టీషర్టుల డబ్బుతో పదిమందికి బస్సు చార్జీలు వస్తాయి.

ఇక కాగితాల పని. ఇది త్వరగా చెప్పేస్తాను. ట్రస్టు అయితే డీడు రాసి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయిస్తారు. సొసైటీ అయితే మన రాష్ట్రాల్లో 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. దాతలకి పన్ను రాయితీ రావాలంటే 80జి అని అందరికీ తెలిసిన గుర్తింపు తెచ్చుకోవాలి. రెండు వేలు దాటి నగదుగా ఇచ్చినదానికి ఆ రాయితీ రాదు, అందుకని చెక్కో ఆన్‌లైనో అడగండి. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఒకటి జాగ్రత్తగా వినాలి. కొడుకు ఇంకా భారత పౌరుడే అయితే తన సంపాదన బ్యాంకు ద్వారా మీ ట్రస్టుకి పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం. దానికి కేంద్ర హోంశాఖ అనుమతి లేకుండా ఒక్క డాలరు ముట్టుకోకూడదు. హోంశాఖ దగ్గర ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే మామూలుగా సంస్థ పెట్టి మూడేళ్లు గడిచి ఉండాలి. నాన్న పేరున పంపిన డబ్బుకి కేసేమిటి అని తరవాత బాధపడితే లాభం లేదు.

ట్రస్టీల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. దుఃఖంలో ఉన్నవాళ్లు బావమరిదినీ, వియ్యంకుడినీ, పక్కింటాయననీ పెట్టేస్తారు. వాళ్లంతా మీ వయసువాళ్లే. ఒక నర్సునో, ఆసుపత్రిలో పనిచేసే సోషల్ వర్కర్‌నో, లెక్కలు తెలిసిన ముప్ఫై ఏళ్ల కుర్రాడినో ఒకరినైనా పెట్టుకోండి. మ్యాగీస్ ఇన్నేళ్లు నిలబడడానికి ఆ నర్సు కారణమని నేను అనుకుంటాను.

ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇప్పుడు. దొరాబ్జీ పోయిన తొమ్మిదేళ్లకి ఆసుపత్రి తెరుచుకుంది. రామారావుగారు పోయిన నాలుగేళ్లకి తెరుచుకుంది. పెట్టినవాళ్లు లేకపోయినా పని ఆగకుండా కాగితం మీద ఏర్పాటుంది, నడిపే మనుషులున్నారు. మీరు పెట్టేది రెండు గదుల సత్రమైనా ఆ ఏర్పాటు కావాలి. మీ తరవాత ట్రస్టీలు ఎలా మారతారో డీడులో రాయించండి. నడపలేక మూసేయాల్సి వస్తే మిగిలిన డబ్బు బంధువులకి పోకుండా, ఇదే పని చేస్తున్న ఇంకో ధర్మసంస్థకి వెళ్లాలని కూడా రాయించండి. ఆ వాక్యం ఉందో లేదో ఒకసారి చదువుకున్నాకే సంతకం పెట్టండి.